గోడ ముందు దర్జీ

నిస్సీకి తలలు లెక్కపెట్టే అలవాటు బస్సులో అబ్బింది. నాయన జయరావు కండక్టరు. బడికి సెలవులిచ్చారంటే చాలు, ఆ పిల్లతో ఇంట్లో వేగలేక తల్లి రూతు పొద్దున్నే టిఫిను డబ్బాతో పాటు పిల్లనూ మొగుడికి అప్పగించి పుత్తూరు స్టాండులో బస్సెక్కించేది. జయరావు కూతురికి ఒకే పని చెప్పేవాడు. "పాపా, తలలు లెక్కబెట్టు." ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. రెండు లెక్కలూ టిక్కెట్లతో కలవకపోతే ఎవరో ఎక్కడో టిక్కెట్టు తప్పించుకుని దాక్కున్నట్టు. ఏడేళ్ళప్పుడు ఒకసారి నిస్సీ నడి బస్సులో నిలబడి, "నాయనా, ఈయమ్మ కొంగు ఊపిరి పీలుస్తా ఉండాది" అని గట్టిగా చెప్పింది. కొంగు కింద నుంచి ఆరేళ్ళ పిల్లవాడు బయటపడ్డాడు. బస్సంతా నవ్వింది, ఆ తల్లి తప్ప.

ఇప్పుడామెకు ఇరవై ఏడు. తలలు లెక్కపెట్టడం మానలేదు. పెళ్ళిళ్ళలో లెక్కపెడుతుంది, చర్చిలో ప్రార్థన మధ్యలో లెక్కపెడుతుంది. ఆ సంగతి తెలిసి రూతు మోచేత్తో పొడుస్తుంది. తిరుపతిలో ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నాక కంప్యూటర్లో లెక్కపెడుతుంది. అక్కడ మాత్రం ఎవరూ పొడవరు, ఎందుకంటే అక్కడ ఆమె పనే అది. పని అదే గానీ ఉద్యోగం అది కాదు. ఈ తిరకాసు కాస్త వివరంగా చెప్పుకోవాలి.

తిరుపతిలో ఒక టైర్ల కొట్టు పైన, రెండో అంతస్తులో, బొంగరం అనే కంపెనీ ఉంది. పదకొండు మంది. కంప్యూటర్ ఆటలు తయారు చేస్తారు. తిరుపతిలో కొండా లడ్డూ గుండూ తప్ప ఇంకేమీ ఉండవనుకునేవాళ్ళకు ఇది ఇబ్బందికరమైన సమాచారమే, కానీ నిజం. యజమాని ప్రేమానందం. యాభై దాటిన మనిషి, మెత్తని మాట, ఎవరినీ పొమ్మనలేని గుణం. ఈ గుణాన్ని అందరూ మంచితనమంటారు. దాని కింద పనిచేసినవాళ్ళు మాత్రం అంత తొందరగా ఆ మాట అనరు.

రెండేళ్ళుగా బొంగరం వాళ్ళు తయారుచేస్తున్న ఆట పేరు కొత్తపేట. ఆట మొదలైనప్పుడు ఖాళీ నేల, నాలుగు చెట్లు, ఒక వాగు ఉంటాయి. గెలవడం, ఓడడం లేవు. ఇల్లు కడతావా, బావి తవ్వుతావా, మేకలు పెంచుతావా, నీ ఇష్టం. ఇళ్ళు కడితే జనం వస్తారు. ఆ జనాన్ని ఆడేవాళ్ళు నడపరు. వాళ్ళంతట వాళ్ళే తింటారు, తిరుగుతారు, పడుకుంటారు. ఆఫీసులో వాళ్ళను ఎన్‌పీసీలు అంటారు. నిస్సీ జనం అనే అంటుంది. కొలిమి కట్టి సమ్మెట పెడితే ఊళ్ళో ఖాళీగా ఉన్న ఎవడో ఒకడు కమ్మరి అవుతాడు. కొట్టు కట్టి కుట్టుమిషను పెడితే ఎవడి మెడలోనో టేపు ప్రత్యక్షమవుతుంది, వాడిక దర్జీ. కోడి కూయగానే ఎవరి పనికి వాళ్ళు పోవాలి. పోకపోవడంతోనే వచ్చింది గొడవంతా.

నిస్సీ కామర్సు చదివి, కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, బొంగరంలో ముందు బల్ల దగ్గర చేరింది. ఫోన్లెత్తడం, కొరియర్లకు సంతకాలు పెట్టడం, ఏసీ మెకానిక్కును పిలవడం, వచ్చినవాళ్ళను కూర్చోమనడం. ఆటను ఆడి తప్పులు పట్టే పని నరేంద్ర అనే కుర్రాడిది. తొమ్మిది నెలల కిందట నరేంద్ర, అక్క పెళ్ళి అని మూడు వారాలు సెలవు పెట్టి వెళ్ళాడు. వెళుతూ ఏసీ చలికి వేసుకునే నల్ల జెర్కిన్ను కుర్చీ వీపుకు తగిలించి వెళ్ళాడు. పెళ్ళయి ఆ అక్కకిప్పుడు ఏడో నెల. నరేంద్ర రాలేదు. జెర్కిన్ అక్కడే ఉంది. భుజాల మీద దుమ్ము పట్టింది. ఊడ్చే ఆమె కూడా దాని చుట్టూ ఊడుస్తుంది తప్ప దాన్ని కదిలించదు.

"ఆ పిల్లోడు వస్తాడమ్మా, అంతవరకు కొంచెం నువ్వు సూడు" అన్నాడు ప్రేమానందం. నిస్సీ చూసింది. ముందు బల్ల మీది పాత కంప్యూటర్లోనే, ఫోన్ల మధ్యలో, కొరియర్ల మధ్యలో. తొమ్మిది నెలల్లో రెండు వందల పైచిలుకు బగ్గులు, అంటే ఆటలో తప్పులు, పట్టింది. వాగులో నీళ్ళు పైకి పారడం ఆమె పట్టిందే. చచ్చిపోయిన కుమ్మరి పేరు మీద సారె అలాగే ఉండిపోయి ఊళ్ళో ఇంకెవరూ కుండ చేయకపోవడం ఆమె పట్టిందే. హాజరు పట్టీలో మాత్రం టెస్టరు: నరేంద్ర. ముందు బల్ల: నిస్సీ. "నాకు టెస్టరని కాగితం ఇయ్యండి సార్" అని మూడు సార్లు అడిగింది. "నరేంద్ర వచ్చి బాధపడితే ఎట్లమ్మా" అన్నాడాయన మూడు సార్లూ.

ఇంట్లో రూతుకు ఈ ఉద్యోగం మీద మొదటి నుంచీ అనుమానమే. "ఆటలాడేదానికి ఎవురైనా మనిషిని పెట్టుకుంటారా? ఈ పిల్ల ఏందో దాస్తా ఉండాది." చర్చిలో అడిగినవాళ్ళకు కంప్యూటర్ ఆఫీసు అని మాత్రం చెప్పి ఊరుకునేది.

ఇక రెండు వందల పద్నాలుగో బగ్.

ఒకరోజు నిస్సీ కొత్తపేటలో ఇరవై నాలుగు మందితో ఊరు కట్టింది. ఇరవై నాలుగు ఉద్యోగాలు, అన్నీ నిండాయని తెర మీద పట్టిక చెబుతోంది. అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టింది. పనిలో ఇరవై మూడే ఉన్నాయి. ముందు నుంచి లెక్కపెట్టింది, వెనక నుంచి లెక్కపెట్టింది. ఊరంతా వెతికితే ఒక ఇంటి లోపల దొరికాడు దర్జీ. మెడలో టేపు వేసుకుని, గోడకు ముక్కు ఆనించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి ఉన్నాడు. సాయంత్రం కాగానే తిరిగి వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు లేచి మళ్ళీ గోడ దగ్గరికి. దర్జీ కొట్టు ఖాళీ. కానీ పట్టికలో ఉద్యోగం నిండిపోయింది గనక ఇంకెవరికీ ఇవ్వరు. పది రోజులకు ఊళ్ళో జనం బట్టలు చిరిగిపోయాయి. పదిహేనో రోజుకు వైద్యుడు, కమ్మరి, మేకల కాపరి, అందరూ గోనెపట్టాలు చుట్టుకుని తిరిగారు.

నిస్సీ ఆ ఊరిని భద్రపరిచి, ఫైలు మునికుమార్‌కు పంపింది. జనం ఎవరు ఏ పని పట్టుకోవాలో కోడు రాసింది అతనే. నగరి వాడు. చురుకైనవాడు. తప్పు చూపిస్తే తల్లిని తిట్టినట్టు చూస్తాడు.

"నా దాంట్లో బాగానే ఉండాదే" అన్నాడు అరగంటకు. "నీ దర్జీ మహారాజు మాదిరి కొట్లో కూర్చోని కుడతా ఉండాడు. వచ్చి సూడు."

వచ్చి చూస్తే నిజమే. దర్జీ కొట్లో ఉన్నాడు. కాకపోతే వాడు వేరే దర్జీ. మేకల కాపరి ఆ టేపు వేసుకుని కూర్చున్నాడు. పాతవాడు మేకలు తోలుకుంటున్నాడు. మునికుమార్ బగ్గును మూసేశాడు. నిస్సీ మళ్ళీ తెరిచింది. మళ్ళీ పంపింది. మళ్ళీ బాగానే ఉంది. ఇలా మూడు సార్లయ్యాక ఆమెకు ఒక సంగతి తట్టింది. భద్రపరిచిన ఊరిని తెరవగానే ఆట అందరి ఉద్యోగాలనూ తీసేసి కొత్తగా పంచుతోంది. అంటే జబ్బును డబ్బాలో పెట్టి పంపితే, డబ్బా తెరవగానే జబ్బు నయమైపోతోంది. డాక్టరు గుమ్మం ఎక్కగానే దగ్గు ఆగిపోయే మనిషి కేసు.

బుధవారం నాడు ప్రేమానందం అందరినీ పిలిచాడు. ఆట సోమవారం విడుదల. చెన్నై నుంచి ప్రచురించే కంపెనీ వాళ్ళు తేదీ ఖాయం చేశారు.

"ఇంకా తెరిసి ఉండే బగ్గులేంది?"

"రెండు వందల పద్నాలుగు సార్" అంది నిస్సీ.

"అది బగ్గు కాదు సార్, కల" అన్నాడు మునికుమార్. "ఆమెకు తప్ప ఎవురికీ రాదు."

నవ్వారు. ప్రేమానందం ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, శనివారం దాకా సూద్దాం. మా కండ్ల ముందర చూపించినావా, తేదీ మారుస్తా. లేకపోతే మూసేద్దాం. విడుదలయినాక టెస్టింగు పని పెద్దగా ఉండదు గదా, సోమవారం నుంచి నువ్వు హాయిగా ముందు బల్ల చూసుకోవచ్చు."

"చూపిస్తే సార్?"

"చూపిస్తే..." ఆయన జెర్కిన్ వైపు చూశాడు. "చూపిస్తే, నీ కాగితం సంగతి ఆలోచిస్తా."

ఆలోచిస్తానన్న మాటకు ఎంత విలువో నిస్సీకి తెలుసు. అయినా తొమ్మిది నెలల్లో ఆయన అంతమాత్రం అనడం ఇదే మొదలు. శనివారం చూపించకపోతే హాయిగా ఫోన్లెత్తుకుంటూ ఉండాల్సిందే. ఆ "హాయిగా" అనే మాట ఆమె ఒళ్ళు మండించింది.

చూపించడానికి ముందు అర్థం కావాలి కదా. ఏ దర్జీ గోడ దగ్గరికి పోతాడు, ఏ దర్జీ కొట్టుకు పోతాడు? పదిసార్లు ఊరు కడితే ఆరుసార్లు వచ్చింది, నాలుగుసార్లు రాలేదు. ఎందుకో తెలియదు. గురువారం అంతా అదే బుర్రలో పెట్టుకుని సాయంత్రం అయిదింటికి బస్టాండుకు వచ్చింది.

ఆడికృత్తిక రోజులు, తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకెళ్ళే పండగ. తిరుత్తణి బస్సులంటే జాతర. పసుప్పచ్చ పంచెలు, పసుప్పచ్చ చీరలు, భుజాల మీద కావళ్ళు, నెత్తిన గంధం. పుత్తూరు పోవాలన్నా ఆ బస్సే దిక్కు. ఆ వేళ డ్యూటీ జయరావుదే. కూతుర్ని చూసి డ్రైవరు వెనక సీటు దగ్గర నిలబడమని సైగ చేశాడు. సీటు మాత్రం ఇవ్వలేదు. కన్నకూతురైనా వరసలో రావాల్సిందేనని ఆయన నియమం. రూతు దాన్ని తిక్క అంటుంది.

పక్కనే ఆనుకున్నట్టు శ్రీకాళహస్తి బస్సు ఆగి ఉంది. రెండు బస్సులకూ మధ్య మనిషి పట్టేంత సందు. ఆ సందులోకి దూరిన ఒక లావుపాటి పెద్దమనిషి భుజం మీది పసుప్పచ్చ తువ్వాలు తీసి, చక్కగా ఉండచుట్టి, తిరుత్తణి బస్సు కిటికీలోంచి లోపలికి విసిరాడు. తువ్వాలు మూడో సీటులో పడింది. పడిందంటే ఆ సీటు ఆయనది. ఈ చట్టాన్ని ఎవరు రాశారో తెలియదు గానీ చిత్తూరు జిల్లాలో దీన్ని ధిక్కరించినవాడు లేడు. నిలబడ్డ ముప్పై మంది ఆ తువ్వాలును చూశారు, దాని మర్యాద దానికిచ్చి పక్కకు తప్పుకున్నారు. ఒక ముసలామె కూర్చోబోయి, తువ్వాలును చూసి, కాలినట్టు లేచింది.

జయరావు విజిలు ఊదాడు. బస్సు కదిలింది. లోపల ఊపిరాడదు. మూడో సీటు మాత్రం ఖాళీ.

నిస్సీ తలలు లెక్కపెట్టింది. సీట్లన్నీ నిండాయి, ఒక తల తక్కువ.

జయరావు జనాన్ని తోసుకుంటూ వచ్చి నిలబడ్డాడు. తువ్వాలును ముట్టుకోలేదు. బస్టాండు గేటు దాటే దాకా చూశాడు. గేటు దాటింది. అప్పుడు తువ్వాలును రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"ఈ తువ్వాలు ఎవురిది?"

నిలబడ్డవాళ్ళు ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు.

"అయ్యా, ఈ తువ్వాలు ఎవురిది?"

"అందరి తువ్వాళ్ళూ అదే రంగు గదప్పా" అన్నాడొక కావడి మనిషి. "నాది నా మెడలోనే ఉండాది."

"మూడోసారి అడుగుతా ఉండా. ఎవురిది?"

సమాధానం బయట నుంచి వచ్చింది. పక్కనే, అదే వేగంతో, శ్రీకాళహస్తి బస్సు. దాని కిటికీలోంచి ఆ లావుపాటి పెద్దమనిషి సగం బయటికి వేలాడుతూ అరుస్తున్నాడు. "కండక్టరన్నా! నా తువ్వాలు! ఆ సీటు నాదీ!"

సందులో నిలబడి తువ్వాలు వేశాడు, బాగానే ఉంది. కానీ వేసిన కిటికీ ముందుంది, ఆ బస్సు తలుపు చుట్టూ తిరిగి అటు పక్కకు పోతే గానీ రాదు. తిరిగేలోగా వీపు వెనక ఉన్న తలుపు, అంటే కాళహస్తి బస్సు తలుపు, జనం తోపులో ఆయన్ను మింగేసింది.

"సామీ, నువ్వు పోయేది కాళాస్తికి, నీ తువ్వాలు పోయేది తిరుత్తణికి!" అని జయరావు తువ్వాలును ఉండచుట్టి ఆ కిటికీలోకి విసిరాడు. గురి తప్పలేదు. "ఆడ వేసుకోని కూర్చో!" తర్వాత ముసలామె వైపు తిరిగి, "కూర్చో అవ్వా. గేటు దాటినాక తువ్వాలుకు హక్కు లేదు" అన్నాడు.

బస్సంతా నవ్వుతోంది. నిస్సీ నవ్వడం మరిచిపోయింది. తువ్వాలు కిటికీలోంచి వేశాడు, ఎక్కాల్సింది తలుపులోంచి. కిటికీ రెండడుగుల దూరం. తలుపు బస్సు చుట్టుకొలత దూరం.

"ఏం పాపా, అట్ల నిలబడిపోయినావు? దయ్యాన్ని సూసినావా?"

"దర్జీని సూసినా నాయనా" అంది నిస్సీ.

జయరావు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

శనివారం పదింటికి అందరూ పెద్ద తెర ముందు చేరారు. పెద్ద తెర ఉన్నది నరేంద్ర బల్ల మీదే. ఆఫీసులో వేగమైన కంప్యూటర్ కూడా అదే. నిస్సీ లోపల నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి, జెర్కిన్ కుర్చీ పక్కన వేసుకుని, ఒక పక్కకు వంగి కీబోర్డు అందుకుంది. మెత్తని కుర్చీ ఖాళీగా ఉండగా మనిషి వంకరగా కూర్చుని పనిచేయడం పదిమందిలో ఒక్కరికీ వింతగా కనిపించలేదు.

"భద్రపరిచింది తెరవను. మొదటి నుంచి కడతా. రెండు గంటలు పడతాది. ఓపిగ్గా సూడండి" అంది.

కట్టింది. వాగు పక్కన కాదు, మైదానం మధ్యలో కాదు. పుత్తూరులో తన వీధినే కట్టింది. వరసగా ఆరిళ్ళు, తలుపులన్నీ తూర్పుకు. వాటి వీపులకు వీపులు ఆనించి ఇంకో ఆరు, వాటి తలుపులు పడమటికి. మధ్యలో ఒకే గోడ. ఈ వీధి నుంచి ఆ వీధికి పోవాలంటే సందులో దారి ఉండేది, దాన్ని పక్కింటివాళ్ళ మిద్దె మెట్లు మూసేశాయి. ఇప్పుడు వీధి చివరిదాకా పోయి చుట్టి రావాలి. నిస్సీ ఆ మెట్లు కూడా కట్టింది.

"ఇట్ల ఎవురు కడతారు?" అన్నాడు మునికుమార్.

"పుత్తూరంతా ఇట్లే కట్టినారన్నా. నువ్వు పరీక్ష చేసే ఊరు నేను సూసినా. ఒకే వీధి, రెండు వరసలు, అన్ని తలుపులూ ఎదురుబొదురు. నీ ఊళ్ళో ఇండ్లకు వీపులే లేవు."

ఎవరో కిసుక్కుమన్నారు.

పడమటి వరసలో మూడో ఇంటిని దర్జీ కొట్టు చేసింది. తూర్పు వరసలో దాని వెనకింట్లో పనిలేని ఒక మనిషి మంచం, గోడకు ఆనించి వేసింది. మిగతా ఊరు నింపింది. మధ్యలో రెండుసార్లు ముందు బల్ల ఫోను మోగింది. రెండుసార్లూ అందరూ నిస్సీ వైపే చూశారు. ఆమె లేవలేదు. ఫోను విసుగెత్తి ఆగిపోయింది.

ఆటలో చీకటి పడింది. జనం పడుకున్నారు. నిస్సీ కుట్టుమిషనును కొట్లో పెట్టింది. పెట్టిన మరుక్షణం, గోడకు ఇవతల, నిద్రలో ఉన్న మనిషి మెడలోకి టేపు వచ్చి చేరింది.

"నిద్రలోనే ఉద్యోగమొచ్చింది నా కొడుక్కి!" అన్నాడెవడో వెనక నుంచి. గది గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి" అంది నిస్సీ. "తెల్లారనీండి."

కోడి కూసింది. కొత్త దర్జీ లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. మంచం దిగి, అక్కడే గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాడు.

నవ్వు ఆగింది. అందరూ మునికుమార్ వైపు తిరిగారు. అతను కుర్చీలో ముందుకు జరిగి, తెర మీద దర్జీనే చూస్తున్నాడు. దర్జీ కదలడు. మునికుమార్ కదలడు.

"దారి మూసింది నువ్వే గదా" అన్నాడు చివరికి, అంత గట్టిగా కాదు.

"దారి ఉండాదన్నా. అట్ల చివరికి పోయి చుట్టుకోని రావల్ల. నీ మనిషి అరవై అడుగులు మించితే దారి ఎతకడం మానేస్తాడు, అది నువ్వు రాసిందే. కానీ ఉద్యోగం పట్టుకునేటప్పుడు మాత్రం గోడ అడ్డమున్నా సూడడు. మిషను మూడడుగుల్లో ఉండాదా, నాది అంటాడు. కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు. బస్సు ఎక్కగలడా లేదా ఎవురూ అడగరు. వేసినాడు గాబట్టి ఆ సీట్లో ఇంకొకరు కూర్చోరు."

మునికుమార్ తల గోక్కున్నాడు. నగరి నుంచి తిరుపతికి నాలుగేళ్ళు కాలేజీకి వచ్చినవాడు. ఆ నాలుగేళ్ళూ కర్చీఫులు, పుస్తకాలు, ఒకసారి చెప్పు కూడా కిటికీలోంచి వేసి సీటు పట్టినవాడు. అతని మొహం మెల్లగా మారింది.

"చెప్పు వేసి పట్టినా ఒకసారి" అన్నాడు. "బస్సు పోయింది. ఒంటి చెప్పుతో ఇంటికి పోయినా." తర్వాత, ఇక తప్పదన్నట్టు, "ముందు సూసినోడిదే సీటు అని రాసేసినా నిస్సీ. వేరే మాదిరి ఉంటాదని తట్టనే లేదు నాకు" అన్నాడు.

ప్రేమానందం తేదీ ఒక వారం జరిపాడు. మునికుమార్ సాయంత్రానికే మందు వేశాడు. నిస్సీ చెప్పిన కండక్టరు నియమాన్నే, గేటు దాటితే తువ్వాలుకు హక్కు లేదన్నదాన్నే, రాశాడు. పనికి పోవాల్సిన మనిషి కోడి కూసిన ఒక గంటలోగా తన చోటికి చేరకపోతే ఆ ఉద్యోగం ఊడుతుంది, దగ్గరున్న ఇంకొకరికి పోతుంది.

దర్జీ సమస్య పోయింది. దాని చోట ఒక విపరీతం వచ్చింది. మధ్యాహ్నం వైద్యుడు భోజనానికి లేచాడు. లేవగానే ఉద్యోగం ఊడింది, ఎందుకంటే గంట దాటాక తన చోట లేనివాడంటే ఆట దృష్టిలో అసలు చేరనివాడే. మేకల కాపరి వచ్చి స్టెతస్కోపు వేసుకున్నాడు. వైద్యుడు తిరిగి వచ్చి, చోటు లేక, వెళ్ళి మేకలు కాశాడు. కమ్మరి నీళ్ళు తాగడానికి పోయి వచ్చేసరికి కుమ్మరి అయ్యాడు. సాయంత్రానికి ఊళ్ళో ఒక్కడూ పొద్దున చేసిన పని చేయడంలేదు.

"మీ నాయన మరీ కఠినం నిస్సీ" అన్నాడు మునికుమార్.

"మా నాయన కాదు, నువ్వు." నిస్సీ ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టింది. "నాయనా, ఒక మాట. నడిదారిలో టీకి బస్సు నిలుపుతావు గదా. దిగినోడి తువ్వాలు తీసేస్తావా?"

అవతల ఇంజను మోత. "తీస్తే కొడతారు పాపా. వాడు టిక్కెట్టు తీసుకోని కూర్చున్నోడు. ఒకసారి కూర్చున్నోడికి టీ తాగి వచ్చేదాకా సీటు ఉంటాది. గేటు కాడ పట్టుకునేది ఎక్కనోడి తువ్వాలు. ఈ రెండూ ఒకటేనా? ఎవురడిగింది ఈ పిచ్చి ప్రశ్న?"

"ఇంజనీరు నాయనా."

"ఆ" అని జయరావు ఫోను పెట్టేశాడు.

మునికుమార్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఎక్కినవాడికి ఒక లెక్క, ఎక్కనివాడికి ఒక లెక్క అని మార్చి రాశాడు. సోమవారం పొద్దున నిస్సీ కొత్త ఊరు కట్టింది. ఇరవై నాలుగు ఉద్యోగాలు, ఇరవై నాలుగు తలలు. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. దర్జీ కొట్లో దర్జీ కుడుతున్నాడు. వైద్యుడు భోంచేసి వచ్చి తన కుర్చీలోనే కూర్చున్నాడు. ఎవరి ఒంటి మీదా గోనెపట్టా లేదు. రెండు వందల పద్నాలుగు మూసింది. ఈసారి మూసింది ఆమే.

"శభాష్ నిస్సమ్మా!" అన్నాడు ప్రేమానందం. చప్పట్లు కొట్టారు. ఎవరో మైసూర్‌పాకు పొట్లం విప్పారు. అంతలో ముందు బల్ల మీద ఫోను మోగింది.

"అమ్మా, ఆ ఫోను కొంచెం సూడు" అన్నాడాయన, చాలా మామూలుగా.

నిస్సీ లేచింది. ఫోను దగ్గరికి పోలేదు. జెర్కిన్ కుర్చీ ముందు నిలబడి, జెర్కిన్‌ను రెండు వేళ్ళతో పైకెత్తింది. దుమ్ము రాలింది.

"ఈ జెర్కిన్ ఎవురిది?"

మునికుమార్‌కు ఏం జరుగుతోందో అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి మైసూర్‌పాకు నోట్లో కుక్కుకున్నాడు.

"నరేంద్రది గదమ్మా" అన్నాడు ప్రేమానందం. "నీకు తెలిసిందే గదా."

"అయ్యా, ఈ జెర్కిన్ ఎవురిది?"

"వాడు వస్తే బాధపడతాడని..."

"సార్, పట్టికలో ఉద్యోగం నిండినట్టు రాసి, ఆడ మనిషి లేకపోతే ఊరు ఏమవుతాదో పోయిన వారం మనమందరం సూసినాము. గోనెపట్టాలు కట్టుకున్నారు సార్. మూడోసారి అడుగుతా ఉండా. ఎవురిది?"

ఫోను ఆగి, మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ప్రేమానందం ఒకసారి జెర్కిన్‌ను, ఒకసారి నిస్సీని చూశాడు. జేబులోంచి ఫోను తీసి, తొమ్మిది నెలలుగా చేయాల్సిన పని చేశాడు. నరేంద్రకు ఫోను కలిపాడు.

"ఏం నాయనా, ఎప్పుడు వస్తావు?"

అవతల ఏదో తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత నరేంద్ర గొంతు, సిగ్గుపడుతూ. "సార్... నేను బెంగళూరులో చేరి ఎనిమిది నెలలయింది సార్. మీకు చెప్తే మీరు బాధపడతారని చెప్పలేదు. మీరు అప్పుడే తీసేసుంటారనుకున్నా." ఆగి, "నా జెర్కిన్ ఇంకా ఆడే ఉందా సార్?" అన్నాడు.

ఇద్దరు మంచివాళ్ళు ఒకరినొకరు బాధపెట్టకూడదని ఎనిమిది నెలలు మూడో మనిషిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రేమానందం ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత హాజరు పట్టీ తెప్పించి, టెస్టరు అనే మాట ఎదురుగా నరేంద్ర పేరు కొట్టేసి, నిస్సీ పేరు రాసి, కింద సంతకం పెట్టాడు. కాగితం సాయంత్రం టైపు చేయిస్తానన్నాడు. ఆలోచిస్తా అనలేదు.

నిస్సీ జెర్కిన్‌ను మడిచి, కొరియర్లో పంపడానికి పక్కన పెట్టింది. కుర్చీ మీద దుమ్ము దులిపి కూర్చుంది. ఎత్తు సరిపోలేదు. కింద మీట నొక్కి రెండు అంగుళాలు దించుకుంది.

ముందు బల్ల ఫోను ఇంకా మోగుతూనే ఉంది. పదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చోటిప్పుడు నిజంగానే ఖాళీ. నిస్సీ తెర మీద కొత్త ఊరు తెరిచి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, తల తిప్పలేదు. చివరికి ప్రేమానందమే లేచి, పంచె ఎగ్గట్టుకుని, గబగబా వెళ్ళి ఫోనెత్తాడు.

"హలో, బొంగరం. ఆ, చెప్పండి. ఏసీ మెకానిక్కా? యాడుండావప్పా ఇన్ని రోజులు? ఇప్పుడే బిన్నా రా."